పులిమడుగులో తగ్గని వరద

పులిమడుగు మున్సిపల్ కమిషనర్ త్రివిక్రమరావు గారికి పాములంటే భయం లేదు. పై అధికారులంటే అందరికీ ఉన్నంతే. కిందికి దిగే గీతను చూస్తే మాత్రం ఆయనకు కాళ్ళూ చేతులూ చల్లబడేవి.

దానికి కారణం ఉంది. ప్రతి నెలా జిల్లా కేంద్రంలో సమీక్షా సమావేశం జరిగేది. గోడంత తెర మీద ఒక్కో మున్సిపాలిటీ పనితీరు గీతలుగా కనిపించేది. గీత పైకెక్కినవాళ్ళు కూర్చుని జీడిపప్పు తినొచ్చు. దిగినవాళ్ళు లేచి నిలబడాలి, ఎందుకు దిగిందో చెప్పాలి, చెప్పింది చాలదనిపించుకోవాలి. పులిమడుగుకు అన్నీ దిగే గీతలే. త్రివిక్రమరావు గారు ఆ హాల్లో ఎంత తరచుగా నిలబడేవారంటే, కొత్తగా వచ్చిన అధికారులు ఆయన్ని మైకు అందించే మనిషి అనుకుని చెయ్యి చాపేవారు.

ఆయన ఆఫీసులో మెహరున్నీసా అని ఒక కంప్యూటర్ ఆపరేటర్ ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం. తల్లి జుబేదా బస్టాండు ఎదురుగా మెస్సు నడుపుతుంది. మున్సిపాలిటీకి కొత్తగా రిపోర్టుల సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని నేర్చుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే మెహర్ నేర్చుకుంది. అంకెలిస్తే గీతలు గీసే సాఫ్ట్‌వేర్ అది. ఆమెకది నచ్చింది కూడా. ఇంట్లో గోరింటాకు డిజైన్లు వేసినంత ఇష్టంగా గీతలకు రంగులద్దేది.

ఫిబ్రవరి సమీక్ష రోజు పొద్దున చెత్త ట్రాక్టర్లు రెండు మూలన పడి ఉన్నాయి. ఎత్తిన చెత్త నెలనెలా తగ్గుతోంది. జీపు బయట హారన్ కొడుతుంటే మెహర్ కంగారులో ఒక మీట బదులు ఇంకో మీట నొక్కింది. అది రన్నింగ్ టోటల్ మీట. అంటే ఏ నెల లెక్క ఆ నెల చూపించకుండా, ఈ నెలది పోయిన నెలల మీద, వచ్చే నెలది ఈ నెల మీద కూడుకుంటూ పోతుంది. ఆమె చూసుకునేలోపే జీపు వెళ్ళిపోయింది.

సాయంత్రం కమిషనర్ గారు కబురు పెట్టారు. ఉద్యోగం ఊడిందనుకుని మెహర్ టిఫిన్ డబ్బా సర్దుకునే లోపలికి వెళ్ళింది. ఆయన ముఖంలో అదివరకెన్నడూ లేని కళ.

"కూర్చోమ్మా," అన్నారు. ఆయన ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. "ఇవాళ నేను జీడిపప్పు తిన్నాను. మన చెత్త గీత చూసి కలెక్టర్ గారు, జిల్లాలో ఒక్క నెలైనా దిగని గీత ఇదొక్కటేనన్నారు. ఏం చేశావు?"

మెహర్ దాచలేదు. "పొరపాటు సార్. అది కూడుకుంటూ పోయే గీత. ఎప్పటికీ దిగదు. రేపటి నుంచి ఒక్క తట్ట చెత్త ఎత్తకపోయినా అక్కడే ఆగుతుంది గానీ కిందికి రాదు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ సార్. దిగే వీలే లేదు దానికి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నేను వెతుకుతున్నది ఇదేనమ్మా."

సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడుగుతుందని మెహర్ చెప్పింది. ఈ మొత్తాన్ని మళ్ళీ సున్నా నుంచి ఎప్పుడు మొదలుపెట్టాలి అని. నెలకొకసారా, ఏడాదికొకసారా, అసలు వద్దా.

"సున్నా నుంచి మొదలుపెట్టడానికి మనమేం తప్పు చేశామమ్మా?" అన్నారు ఆయన. "అసలు వద్దు అని పెట్టు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "పురపాలక పరిధిలోని సమస్త గణాంకాలనూ ఇకమీదట సంచిత రూపంలో మాత్రమే సమర్పించవలెను. ఏ సంఖ్యయూ, ఏ కారణముచేతనూ, క్షీణించరాదు." మెహర్‌ను పర్మినెంటు చెయ్యమని పైకి సిఫారసు కూడా వెళ్ళింది. ఆ నెలంతా ఆమె తేలిపోతూ తిరిగింది. ప్రతి అంకె పక్కనా ఆ మీట నొక్కింది. నొక్కిన ప్రతిచోటా గీత లేచి నిలబడింది.

హాజరు పట్టీతో మొదలైంది. ఆ ఆఫీసులో ఉన్నదే పిడికెడు మంది. రోజువారీ హాజరు కూడుకుంటూ పోయేసరికి ఉగాది నాటికి అది వెయ్యి దాటింది. ఇంతమంది సిబ్బంది ఎక్కడ కూర్చుంటున్నారని జిల్లా నుంచి తాఖీదు వచ్చింది. కమిషనర్ గారు వెనక పెరట్లో షామియానా వేయించి ఖాళీ కుర్చీలు పరిపించారు.

మరణాల గీత కూడా ఎక్కుతూ పోయింది. "ఈ రంగంలోనూ మనం నిలకడగా పురోగమిస్తున్నాం," అని ఆయన సిబ్బందిని అభినందించి, ముఖ్యంగా వృద్ధుల సహకారానికి ధన్యవాదాలు చెప్పారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఓబులేసుకు కుక్కల పని. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలి. ఏప్రిల్ మొదటికి ఊళ్ళో ఆపరేషను కాని కుక్కలు అయిపోయాయి. గీత అడ్డంగా సాగిపోతోందని కమిషనర్ గారు పిలిపించారు.

"దిగలేదు కదా సార్," అన్నాడు ఓబులేసు.

"దిగకపోవడం కనీస మర్యాద ఓబులేసూ. ఎక్కడం కర్తవ్యం."

ఓబులేసు పక్క ఊరి నుంచి ఆటోలో కుక్కల్ని తెప్పించడం మొదలుపెట్టాడు. అవి రాకుండా మొరాయిస్తే బిస్కెట్లు వేసి బతిమాలేవాడు. పక్క ఊరి కమిషనర్ కుక్కల గీత ఢమాలున పడిపోయి, ఆ నెల సమీక్షలో ఆయన నిలబడ్డాడు.

ఎండల సంగతి వేరే. రోజువారీ ఉష్ణోగ్రత కూడా అదే తెర మీద ఉండేది కాబట్టి దానికీ ఆ మీటే పడింది. ఏప్రిల్ నెలాఖరుకు పులిమడుగు ఎండ నాలుగు వేల డిగ్రీలు దాటింది. జిల్లా వడదెబ్బ విభాగం వాళ్ళు ఆందోళనపడి, ఊళ్ళో ఇనుప వస్తువుల పరిస్థితి ఏమిటని అడిగారు. "ఇనుప వస్తువులు నిబ్బరంగా ఉన్నవి. ప్రజలు గొడుగులు వాడుచున్నారు," అని కమిషనర్ గారు జవాబు రాశారు. దానికీ ప్రశంస వచ్చింది.

ఇక నీళ్ళు.

ఊరి చివర సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు ఉంది. కాలువ నీళ్ళు ఒక పెద్ద పైపు గుండా అందులో పడతాయి. పైపుకు మీటరుంటుంది. ఎండాకాలమంతా ఊరు ఆ నీళ్ళే తాగాలి. ఆ ఏడు కాలువ ముందే ఎండిపోయింది. మే నెల వచ్చేసరికి ట్యాంకు అడుగున బురద ఎండి పెచ్చులు లేచింది. తెర మీద మాత్రం ట్యాంకు పట్టేదానికి ఎన్నో రెట్ల నీళ్ళు కనిపిస్తున్నాయి.

నీటి విభాగం ఇంజనీరు చెన్నకేశవులు చెప్పులకు అంటిన ఎండు బురదతోనే కమిషనర్ గదిలోకి వచ్చాడు.

"సార్, మనం వచ్చిన నీళ్ళే కూడుతున్నాం. జనం తాగినవీ ఎండకు ఆరిపోయినవీ తియ్యడం లేదు. ట్యాంకులో చుక్క లేదు."

"తీసివేత మన విధానంలో లేదు కేశవులు గారూ. జనం తాగినవి వేరే గీతగా చూపించండి. అదీ ఎక్కుతుంది. మనకు రెండు గీతలు ఎక్కినట్టు."

"తాగడానికి ఏమియ్యాలి సార్?"

"గణాంకాల మీద విశ్వాసం ఇవ్వండి."

మరుసటి రోజు ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో ఆఫీసు ముందు కూర్చున్నారు. కమిషనర్ గారు వాళ్ళను లోపలికి పిలిచి, మెహర్ చేత తెర వేయించి, బెత్తంతో గీతను చూపించారు. ట్యాంకర్లు అడగడానికి వీల్లేదని, ఇన్ని నీళ్ళున్న ఊరికి ట్యాంకర్లిస్తే జిల్లా నవ్వుతుందని చెప్పారు.

"ఇన్ని నీళ్ళుంటే మా కొళాయికి ఎందుకు రాలే సార్?" అని ఒకామె అడిగింది.

"ఒత్తిడి ఎక్కువై ఉంటుందమ్మా," అన్నారు ఆయన. "అంత నీరు ఆ సన్నటి కొళాయిలో పట్టొద్దూ."

మెహర్ ఆ ఆడవాళ్ళ ముఖాలు చూడలేకపోయింది. వాళ్ళలో సగం మంది వాళ్ళ వీధివాళ్ళే. ఇంటికి వెళ్తే జుబేదా మెస్సు తలుపు సగం వేసి, తోమని గిన్నెల మధ్య కూర్చుని ఉంది. ప్లేట్లు మానేసి విస్తళ్ళు పెట్టింది, కూరలు తగ్గించింది. ఆ రోజు బియ్యం కడగడానికే నీళ్ళు లేవు.

"మీ ఆఫీసులో నీళ్ళు ఊరిని ముంచేంత ఉన్నాయంటనే," అంది జుబేదా. "వచ్చేటప్పుడు ఒక చెంబు పట్టుకొచ్చేదానివి."

"అమ్మీ, అది లెక్క. నీళ్ళు కాదు."

"ఎవరు చేసినారు ఆ లెక్క?"

మర్నాడు మెహర్ ఎవరూ అడక్కుండానే ఇంకో గీత గీసింది. వచ్చిన నీళ్ళలోంచి పోయిన నీళ్ళు తీసేసి, ట్యాంకులో నిజంగా ఎంతుందో చూపించే గీత. అది కొండ మీంచి రాయి దొర్లినట్టు దొర్లి నేల మీద పడింది. కమిషనర్ గారికి చూపించింది. ఆయన దాన్ని చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఎవరిదమ్మా ఇది?"

"మనదే సార్."

"మనది కాదు," అన్నారు ఆయన మెల్లగా. "తీసెయ్. నీ పర్మినెంటు ఫైలు పైన ఉంది. దాని మీద ఇలాంటి నీడ పడకూడదు."

ఆమె తీసేసింది.

అసలు ముప్పు ఆ వారంలో వచ్చింది. అన్ని ఊళ్ళ తెరలూ జిల్లా విపత్తుల కేంద్రానికి కలిపి ఉంటాయి. ఏ చెరువైనా, ఏ ట్యాంకైనా హద్దు దాటితే అక్కడ దానంతటదే ఎర్రదీపం వెలిగే ఏర్పాటు కొత్తగా చేశారు. చేసిన రోజునే పులిమడుగు దీపం వెలిగింది. ట్యాంకు పట్టేదానికి అన్ని రెట్లు నీళ్ళున్నాయంటే కట్ట ఈపాటికి తెగి ఉండాలని కేంద్రంవాళ్ళు తేల్చారు. ఫోను వచ్చింది.

"మీ ఊరు మునిగిందా?"

త్రివిక్రమరావు గారు కిటికీలోంచి చూశారు. రోడ్డు మీద దుమ్ము సుడి తిరుగుతోంది. మునగలేదంటే గీత అబద్ధమవుతుంది. గీత అబద్ధమైతే చెత్తా, కుక్కలూ, మరణాలూ అన్నీ కూలి, మళ్ళీ ఆ హాల్లో నిలబడాలి.

"మునుగుతున్నాం సార్," అన్నారు ఆయన గంభీరంగా. "పరిస్థితి అదుపులో ఉంది."

మధ్యాహ్నానికి లారీల మీద పడవలు వచ్చాయి. నారింజ రంగు చొక్కాల గజ ఈతగాళ్ళు దిగి, ట్యాంకు కట్టెక్కి, అడుగున నెర్రెలు చూసి, తమ అధికారి వైపు చూశారు. ఆయన ఉత్తర్వు ఇంకోసారి చదువుకుని పడవలు దించమన్నాడు. దించారు. ఒక ఈతగాడు ఎందుకైనా మంచిదని లైఫ్ జాకెట్ తొడుక్కునే పడవలో కూర్చున్నాడు.

జనాన్ని గుట్ట మీది హైస్కూలుకు తరలించమని మైకులో చాటించారు. "వరద బాధితులు తమ విలువైన వస్తువులతో తక్షణమే ఎత్తయిన ప్రదేశానికి చేరుకోవలెను." జనం వీధుల్లోకొచ్చి, గొంతెండిపోయి, ఎటూ పాలుపోక నిలబడ్డారు. అంతలో ఆటో దిగిన ఓబులేసు వాళ్ళకో ముక్క చెప్పాడు. వరద శిబిరమంటే నిబంధనల ప్రకారం మనిషికింత మంచినీళ్ళు, వంటకింత, స్నానానికింత ఇవ్వాలి. గుట్ట కింద ఇప్పటికే ట్యాంకర్లు బారులు తీరాయి.

పులిమడుగు అంత వేగంగా ఖాళీ అవడం ఎవరూ చూడలేదు. కరువుకు అడిగితే రాని నీళ్ళు వరదకు అడక్కుండానే వచ్చాయి. ఆడవాళ్ళు జుట్టు విప్పుకుని తలంటి పోసుకున్నారు. జుబేదా మెస్సు సామానంతా రిక్షాలో వేయించుకుని గుట్టెక్కి, శిబిరం వంట తన చేతిలోకి తీసుకుంది. మొదటి పూట ఆమె బియ్యం మూడుసార్లు కడిగింది. ఒకసారి చాలు, రెండోది అలవాటు, మూడోది సరదాకు అని చెప్పింది.

మెహర్ కంప్యూటరు కూడా గుట్ట మీదికి చేరింది. ట్యాంకర్ల నీళ్ళు కూడా పట్టణానికి వచ్చిన నీళ్ళే కదా, వాటినీ గీతలో కూడమని కమిషనర్ గారు ఆదేశించారు. ఆమె కూడింది. గీత ఎక్కింది. గీత ఎక్కిందంటే వరద పెరిగింది. వరద పెరిగిందని జిల్లా ఇంకా ట్యాంకర్లు పంపింది. అవీ కూడింది. వారం తిరిగేసరికి లెక్క ప్రకారం పులిమడుగు గుడి గోపురం నీటి అడుగున ఉంది, శిబిరంలో పిల్లలు గచ్చు మీద నీళ్ళు పోసుకుని జారుడు ఆట ఆడుతున్నారు.

నష్టం అంచనా వెయ్యడానికి పై నుంచి ఒక బృందం వచ్చింది. ఆ బృందం పెద్ద, కాళ్ళకు రబ్బరు బూట్లు తొడుక్కుని ట్యాంకులోకి దిగి, అటూ ఇటూ నడిచి, ఒక పెచ్చు ఎత్తి చూశాడు.

"నీళ్ళేవి?" అన్నాడు.

చెన్నకేశవులు నోరు తెరవబోయాడు. కమిషనర్ గారు ముందుకొచ్చారు. "వరద ఉధృతికి కొట్టుకుపోయాయి సార్."

"నీళ్ళు కూడానా?"

"మొదట అవే పోయాయి సార్."

బృందం పెద్ద చాలాసేపు ఆలోచించి, ఇంత తీవ్రమైన వరద తన అనుభవంలో లేదని రాసుకున్నాడు. ఒక్క ప్రాణం పోకుండా, ఒక్క గోడ తడవకుండా నిర్వహించినందుకు కమిషనర్ పేరును అవార్డుకు సిఫారసు చేస్తానన్నాడు. తర్వాత మెహర్ దగ్గరికొచ్చి, "వరద ఎప్పుడు తగ్గొచ్చమ్మా? తగ్గితే శిబిరం ఎత్తేద్దాం," అన్నాడు.

మెహర్ కిటికీ బయట చూసింది. జుబేదా నెలల తర్వాత మొదటిసారి నవ్వుతూ, కడిగిన గిన్నెలు ఎండకు బోర్లిస్తోంది.

"గీత తగ్గే సూచన లేదు సార్," అంది. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మే అయిపోయింది. జూన్ వచ్చింది. గీత ఎక్కుతూనే ఉంది.

ఒక పొద్దున మబ్బులు నల్లగా కమ్మి వాన మొదలైంది. తుంపరతో మొదలై, మధ్యాహ్నానికి గోడలు కనబడనంతగా కొట్టింది. వాగు పొంగి రోడ్డు మీదికొచ్చింది. బజారు వీధిలో నీళ్ళు పారాయి. గుట్ట మీద జనం వానలోనే నిలబడి, తమ ఊరు నిజంగా తడుస్తుంటే చూశారు. వాళ్ళు భద్రంగా ఉన్నారు. ఉండాల్సిన చోటికి ముందే చేరారు కదా.

త్రివిక్రమరావు గారు మాత్రం అవార్డు దరఖాస్తు మీద ముద్ర వెయ్యడానికి మెహర్‌ను, ఆమె కంప్యూటర్‌ను వెంటబెట్టుకుని కిందనున్న ఆఫీసుకు వచ్చి ఉన్నారు. నీళ్ళు గడప దాటి లోపలికి వస్తుంటే జిల్లా నుంచి ఫోను వచ్చింది.

"మీ గీత ఇవాళ ఎక్కలేదేమిటి?"

ఆయన తెర వైపు చూశారు. నిజమే. గీత కదల్లేదు. రోడ్డు మునిగి ట్యాంకర్లు రాలేదు. ట్యాంకర్లు రాలేదు కాబట్టి కూడడానికేమీ లేదు. వాన మీటరున్న పైపులోంచి రాదు కాబట్టి లెక్కకు అందదు.

"వరద ఆగినట్టేగా?" అంది ఫోను.

ఆయన బల్ల కింద కాళ్ళు పైకి మడుచుకున్నారు. "గణాంకాల ప్రకారం ఆగినట్టే సార్."

"శుభం. పడవల్ని వెనక్కి తీసుకుంటున్నాం."

కాసేపటికి పడవల లారీలు చక్రాలు మునిగే నీళ్ళలో ఆఫీసు ముందు నుంచే, నీళ్ళ ట్యాంకర్లు ఎక్కలేని కొండదారి వైపు వెళ్ళిపోయాయి. లైఫ్ జాకెట్ తొడుక్కున్న ఈతగాడు పడవలో కూర్చుని వెనక్కి చూస్తూ వెళ్ళాడు. ఆ వెంటనే కరెంటు పోయింది. తెర నల్లబడింది. గీత పోయింది.

పెరట్లో షామియానా కింది ఖాళీ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కిటికీ పక్క నుంచి తేలిపోతున్నాయి. త్రివిక్రమరావు గారు బల్ల మీదికెక్కి కూర్చున్నారు. ఆయన మొట్టమొదటిసారి తెర వైపు కాకుండా నేల వైపు చూశారు.

"ఎంతుందమ్మా?" అన్నారు.

మెహర్ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంది. "మోకాలి దాకా సార్."

"ఇందాక?"

"చీలమండ దాకా."

ఆ రెండు మాటల్ని మనసులో కూడుతున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. కూడడం మధ్యలో ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుని, ముందుకు వంగి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"తగ్గుతుంది కదమ్మా?"

ఆ మాట ఆయన నోట ఆశగా రావడం మెహర్ ఎన్నడూ వినలేదు. వాకిట్లో పారే నీళ్ళ వాలు చూసి చెప్పింది.

"తగ్గుతుంది సార్. సాయంత్రానికి తగ్గుతుంది. తగ్గకుండా ఎట్లుంటుంది?"

"హమ్మయ్య," అన్నారు కమిషనర్ గారు. కాళ్ళు ఇంకాస్త పైకి ముడుచుకుని, తగ్గడం కోసం నీళ్ళనే చూస్తూ కూర్చున్నారు.